ఇప్పుడే వస్తా

నరసరావుపేట నుంచి మాచర్ల బస్సులో వెళ్తూ, ఆఫీసులో పాత మెయిల్, చాట్ సాఫ్ట్‌వేర్ తీసేసి వేరే కంపెనీది పెట్టాలని ఫోన్లో కొలీగ్‌తో గట్టిగా వాదిస్తున్నాను. పక్క సీట్లో పెద్దావిడ అంతా వింది. కారంపూడి దాటాక తన ఫోన్ చూపించింది.

"మా ఆఫీసులో ఈ సాయంత్రం పాతది ఆపేస్తన్నారు. అందర్నీ కొత్తదాంట్లోకి మార్చారు, మాతో పనిచేసిన ఈ పిల్లని తప్ప. పోయినేడు భోజనానికని బయటికెళ్లి, రోడ్డు దాటతా బండి గుద్ది పోయింది."

పాత చాట్‌లో ఆ అమ్మాయి పేరు కింద, ఆ రోజు పెట్టుకున్న స్టేటస్ అలాగే ఉంది: 'భోజనానికి వెళ్తున్నా, ఇప్పుడే వస్తా.'

"దీన్ని కూడా మార్చడం కుదురుద్దా అమ్మాయ్?"

"పనిచేస్తున్నవాళ్లనే మారుస్తారండీ" అన్నాను.

ఆవిడ స్క్రీన్ ఆరిపోకుండా మాచర్ల దాకా వేలితో తాకుతూనే ఉంది.

తర్వాత మా ఆఫీసులో నేనడిగిన సాఫ్ట్‌వేరే వచ్చింది. భోజనానికి లేచేటప్పుడు మాత్రం అందులో స్టేటస్ ఏమీ రాయను.