పూచీ మీద దొరికిన ఇల్లు

అద్దె ఇళ్ళలో బతికినవాడికి గోడలు చదవడం వస్తుంది. మేకు గుంతలు చూసి ఇక్కడ అద్దం వేలాడింది, ఇక్కడ చొక్కాలు వేలాడాయి అని చెప్పెయ్యచ్చు. ఒక రేవు పట్నంలో నేను దిగిన గదిలో మంచం పక్కన తలంత నల్ల మరక ఉండేది. ఎవరో ఏళ్ళ తరబడి అక్కడ తల ఆనించి కూర్చున్నారన్నమాట. ఆ మనిషెవరో తెలియదు గానీ నేనూ అక్కడే ఆనించేవాణ్ణి. ఇంకో ఊళ్ళో తలుపు చట్రం మీద ఎవరో పిల్లల ఎత్తులు పెన్సిలుతో గీసి పెట్టారు. గీతలు నా నడుము దాకా వచ్చి ఆగిపోయాయి. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళారా, ఇంకేమైనా అయ్యిందా అని ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆలోచించాను. పుస్తకాలు చాలానే చదివాను, సగం మర్చిపోయాను. గోడలు మాత్రం మర్చిపోలేదు.

ఏ మరకా లేని గోడ ఒక్కటే చూశాను. అది పెద్దక్క ఇంట్లో.

పెద్దక్క నాకు అక్కేమీ కాదు, నాకంటే పదేళ్ళు చిన్నదే. ఆ మేడలో అందరూ అలా పిలిచేవాళ్ళు, నాకూ నోటికి పట్టేసింది. చూపు లేదు. కుర్రతనంలో అట్టపెట్టెల కార్ఖానాలో పెట్టెలు అంటించేది. చాలా ఏళ్ళు అంటించింది. తర్వాత చక్కెర జబ్బు కళ్ళ మీద పడింది. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, ఆమే ఎత్తనివ్వలేదు. చెల్లెలు బస్సు డిపోలో బస్సులు కడుగుతుంది. భుజం మీద ఎప్పుడూ ఒక తడిగుడ్డ ఉంటుంది కాబట్టి డిపోలో ఆమె పేరు ‘తడిగుడ్డ’. ఇంటికొచ్చాక కూడా ఆ గుడ్డ దిగేది కాదు.

నేను ఆ అంతస్తులో ఎదుటి గదిలో దిగేనాటికి వాళ్ళు కొత్తగా వచ్చారు. అంతకు ముందు ఎవరింట్లోనో మెట్ల కింద గదిలో ఉండేవాళ్ళట. నిటారుగా నిలబడితే నెత్తి బొప్పి కట్టేది.

“అద్దె కట్టలేక కాదు అన్నయ్యా,” అంది తడిగుడ్డ. “నెల తిరిగేసరికి అద్దె వాళ్ళ చేతిలో పెట్టేస్తాం. ఐదు నెలలది అడ్వాన్సుగా ఒక్కసారే కుమ్మరించమంటే ఎక్కణ్ణించి తేను? బస్సు సీటు కింద దొరుకుతుందా?”

“నీకు సీటు కింద దొరికేవి గొడుగులేగా,” అంది లోపల్నుంచి పెద్దక్క.

“అవి కూడా విరిగినవే.”

అడ్వాన్సు లేనివాళ్ళ కోసం ఊళ్ళో ఒక ఆఫీసు ఉంది. ఇల్లు పాడైనా, అద్దె ఎగ్గొట్టినా ఇంత సొమ్ము దాకా మేం కట్టుకుంటాం అని వాళ్ళు ఇంటాయనకి ఒక పూచీ కాగితం రాసిస్తారు. ఆ కాగితం చూసి ఇంటాయన తాళం చేతికిస్తాడు. మంచి ఏర్పాటే, దాన్ని తిట్టడానికి నేను కూర్చోలేదు. దాని వల్లే పెద్దక్క చాలా ఏళ్ళకి నిటారుగా నిలబడింది. ఎన్ని పుస్తకాలు రాస్తే ఒక మనిషి నిటారుగా నిలబడతాడో చెప్పండి చూద్దాం.

ఆ ఇంట్లో ఒక పొడుగాటి నడవ. ఒక కొస పడకగది, మధ్యలో వంటిల్లు, రెండో కొస వీధి తలుపు. పెద్దక్క కుడి అరచెయ్యి గోడకి ఆనించి ఆ కొస నుంచి ఈ కొసకి గబగబా వచ్చేసేది. కర్ర లేదు, ఎవరి సాయమూ లేదు. ఆమెకి గోడే కళ్ళు. “ఇక్కడ గోడకి మొటిమ లేచింది అన్నయ్యా, దాని పక్కనే గడియ,” అనేది. తలుపు తీసుకుని గడప దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళని అడుగుల చప్పుడు బట్టి పలకరించేది. పై అంతస్తు ట్యూషన్ మాస్టారిని “ఏం మాస్టారూ, ఇవాళ చెప్పులు మార్చారు, పెళ్ళిచూపులా?” అని ఏడిపించేది. ఆయనకి అరవై దాటాయి. అయినా మర్నాడు కూడా కొత్త చెప్పులతోనే దిగాడు.

ఒక సెలవు రోజు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా నడవలో పడింది. అప్పుడు కనబడింది తడిగుడ్డకి. గోడ పొడుగునా, నడుము ఎత్తున, అరచెయ్యంత వెడల్పు చార. బూడిద రంగులో, అక్కడక్కడా జిడ్డుగా మెరుస్తూ ఉంది. పెద్దక్క ఎక్కడెక్కడ ఆగేదో అక్కడల్లా మరీ నల్లగా ఉంది.

నేను వెళ్ళేసరికి చెల్లెలు డిపో నుంచి తెచ్చిన మందు వేసి రుద్దుతోంది. మరక పోయిందిగానీ దాంతోపాటు రంగూ పలచబడింది.

“పోయిందా?” అంది పెద్దక్క, గోడకి దూరంగా నిలబడి.

“పోయింది.”

“గొంతు అలా లేదే.”

“కాస్త వెలిసింది అక్కా.”

పెద్దక్క చెయ్యి వెనక్కి పెట్టుకుంది. “ఆ పిల్ల జీతం పోతుందే,” అంది.

ఏ పిల్ల అని అడిగాను. పూచీ కాగితం కింద సంతకం పెట్టిన ఆఫీసు పిల్లట.

ఇక్కడ వాళ్ళ నాన్న సంగతి చెప్పాలి, లేకపోతే ఈ మాట పిచ్చిమాటలా ఉంటుంది. ఆయన ఒక గోదాములో మూటలు తూచేవాడు. తోటి పనివాడు అప్పు చేస్తుంటే పూచీ సంతకం పెట్టాడు. ఆ పెద్దమనిషి ఒక పొద్దున్నే పెట్టే బేడా సర్దుకుని మాయమయ్యాడు. ఆ నెల నుంచి అప్పంతా నాన్న జీతంలో కోత. జీతం రోజున ఆయన వీధి తలుపున కాక దొడ్డిదారిన ఇంట్లోకి వచ్చేవాడట, పిల్లలు ఎదురొచ్చి జేబు చూస్తారని. పెద్దక్క బడి మాని జిగురు గిన్నె పట్టుకున్నది ఆ కోత వల్లే. తర్వాతి జీవితమంతా అందులోంచి పుట్టిందే. అంచేత పూచీ అంటే ఆ ఇంట్లో కాగితం కాదు, ఒక మనిషి. కాగితం మీద సంతకం ఎవరిదో కోత వాళ్ళ జీతంలో పడుతుంది.

“నేను అడిగాను అన్నయ్యా ఆ పిల్లని,” అంది పెద్దక్క. “‘సంతకం నీదేనా తల్లీ?’ అంటే ‘నాదేనండి’ అంది. ‘మేమేమైనా పాడు చేస్తే నీ గతేమిటమ్మా?’ అన్నాను. ‘మీరు చెయ్యరని నాకు తెలుసుగా’ అంది. గొంతు చిన్నది. పెళ్ళి కావాల్సిన పిల్లలా ఉంది.”

నేను కళ్ళజోడు తెచ్చుకుని ఆ కాగితం చదివి వినిపించాను. మామూలుగా మనుషులు తిరిగితే వచ్చే అరుగుదల తప్పు కాదు అని అందులో స్పష్టంగా ఉంది. సంతకం ఆ అమ్మాయిదైనా కట్టేది ఆఫీసు అని కూడా చెప్పాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. పెద్దక్క నవ్వింది.

“రాసేవాళ్ళు రాస్తారు అన్నయ్యా. కోసేటప్పుడు కోసేవాళ్ళు వేరే ఉంటారు.”

“పోనీ, నేను వెళ్ళి ఆఫీసులో అడిగి వస్తాను.”

“వద్దు బాబూ! మీరు వెళ్ళి గోడ అంటే ఆ పిల్ల గుండె గుభేలుమంటుంది. నేనే ముట్టుకోను. నా చెయ్యి, నా ఇష్టం.”

మొదట చేతికి పాత మేజోడు తొడిగింది. మేజోడుకి గోడ తెలియలేదు. జారి పడబోతే తలుపు ఆదుకుంది. తాడు కడదామంటే మేకు కొట్టాలి, మేకు కొడితే గుంత పడుతుంది. కర్ర తెచ్చిచ్చాను. గోడ మరిగిన చేతికి కర్ర అలవాటు కాలేదు, నేల మీద గీతలు పడ్డాయి. వాటిని చెల్లెలు తుడుస్తూ కూర్చోవడం విని కర్ర నాకు తిరిగిచ్చేసింది. చివరికి కిటికీ దగ్గర ఒక కుర్చీ మిగిలింది.

పొద్దున చెల్లెలు చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టి డిపోకి వెళ్ళేది. సాయంత్రం వచ్చి లేపేది. మధ్యలో కాలకృత్యాలకి పక్కింటావిడ. గడప దగ్గర మాటలు ఆగిపోయాయి. మాస్టారు పాత చెప్పులకి వచ్చేశాడు.

“ఇల్లు తీసుకున్న రోజున ఆఫీసువాళ్ళు గోడలకి ఫోటోలు తీశారుగా,” అంది ఒకసారి. “అందులో నేనూ ఉండుంటే బాగుండేది. వెళ్ళేటప్పుడు సరిచూసి, మనిషి కూడా ఎక్కడా కదల్లేదు, భేష్ అనేవాళ్ళు.”

చెల్లెలు నవ్వలేదు. “నీకు నోరొక్కటే అరగదు,” అంది.

కాళ్ళు అరగలేదుగానీ అంతకన్నా అన్యాయం చేశాయి, బిగుసుకుపోయాయి. మోకాళ్ళు వాచాయి. లేపితే నిలబడటానికే చాలాసేపు పట్టేది. ఏడాది తిరిగేసరికి నిలబడటం కూడా ఒక పని అయింది.

అప్పుడు ఇంటాయన ఖాళీ చెయ్యమన్నాడు. ఆయనది కింద రంగుల కొట్టు, డబ్బాలు పెట్టుకోవడానికి జాగా చాలడం లేదట. కోపమేమీ లేదు, మర్యాదగానే చెప్పాడు. మనల్ని వీధిలో పెట్టేవాళ్ళలో సగంమంది మర్యాదస్తులే.

తాళం ఇచ్చే రోజున ఆఫీసు పిల్ల ఫోటోలు సరిచూడ్డానికి వచ్చింది. తెల్లటి మనిషి, సన్నటి గొంతు. గోడలు చూసి “అబ్బ, ఎంత బాగా ఉంచారండీ!” అంది. వెలిసిన చోట కూడా ఆమెకి ఏమీ కనబడలేదు. తడిగుడ్డ అప్పటిదాకా ఊపిరి బిగబట్టుకుని ఉందని నేను గమనించలేదు, వదిలినప్పుడు తెలిసింది.

మెట్ల మీద ఒక రంగులవాడు బకెట్టూ రోలరూ పెట్టుకుని బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

“ఈయనెందుకు?” అన్నాను.

“రంగు వెయ్యడానికండి,” అన్నాడు ఇంటాయన. “ఎవరు ఖాళీ చేసినా నేను వేయించేదే. వాపసు వచ్చిన డబ్బాలు ఎలాగూ మూలుగుతుంటాయి, నాకు ఖర్చేముంది?”

“ఆ ముక్క వీళ్ళకి ముందే చెప్పలేదేం?”

“అడగలేదుగా సార్.”

మేం మెట్లు దిగేలోపే వాడు పని మొదలుపెట్టాడు. పెద్దక్కని కుర్చీతో సహా ఇద్దరు మనుషులు మోసుకొస్తున్నారు. పైన రోలరు తడిగా జరుగుతున్న చప్పుడు.

“ఏమిటే ఆ చప్పుడు?” అంది పెద్దక్క.

“వాన,” అంది చెల్లెలు. బయట ఎండ మండిపోతోంది. పెద్దక్క ముఖాన ఎండ తగిలింది, అయినా ఇంకేమీ అడగలేదు.

కొత్త ఇంటికి కొత్త పూచీ కావాలి. తడిగుడ్డతో నేనూ ఆఫీసుకి వెళ్ళాను. ఈసారి నన్ను వద్దనేవాళ్ళు లేరు. అదే పిల్ల, అదే బల్ల.

“అమ్మాయ్, గోడకి ఏమైనా అయితే నీ జీతంలో కోస్తారా?”

ఆ పిల్ల పక్కున నవ్వింది. “నా జీతంలోనా? భలేవారే!” అంటూ పక్కకి చూసి, తడిగుడ్డ ముఖం చూసి ఆగిపోయింది.

పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న పెద్దాయన కలగజేసుకున్నాడు. “చాలామంది అలాగే అనుకుంటారండి. మేం కాదని అనం. అలా అనుకున్నవాళ్ళ ఇళ్ళు అద్దాల్లా ఉంటాయి, చూశారుగా. ఇంటాయనలకీ మా మీద గురి కుదురుతుంది. మళ్ళీ మీలాంటివాళ్ళకే ఇల్లు దొరుకుతుంది. ఎవరికి నష్టం చెప్పండి?”

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నేను చాలా దేశాల్లో చాలా ఆఫీసుల్లో బల్ల ముందు నిలబడ్డాను. చెడ్డవాడైతే కనీసం గొంతు పెంచుతాడు, తిరిగి అరవడానికి మనకో అవకాశం ఉంటుంది. టీ గ్లాసు పట్టుకుని న్యాయం మాట్లాడేవాడితో ఏం చేస్తాం?

తడిగుడ్డ ఆ పిల్లనే చూస్తోంది. “మా అక్క అడిగింది కదమ్మా నిన్ను. చూపు లేని మనిషి నీ గొంతు మీద ఆధారపడి అడిగింది. చెప్పలేదేం?”

“ఆవిడ అంత మనసులో పెట్టుకుంటారనుకోలేదండి,” అంది ఆ పిల్ల. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. అలాగే కొత్త కాగితం మీద సంతకం పెట్టింది.

ఆ కాగితంతో తాళం తీసుకుని కొత్త ఇంట్లో దిగగానే చెల్లెలు అక్కకి అంతా చెప్పింది. ఎవరి జీతమూ పోదు, ఎప్పుడూ పోయేది కాదు, ఇక గోడ పట్టుకుని తిరుగు అంది. పెద్దక్క తల ఊపుతూ విని చెల్లెలి బుగ్గ తడిమింది.

“పిచ్చిదానా. మన నాన్న అమ్మతో ఏమనేవాడు? ‘నా జీతానికేం కాదులే’ అనేవాడా కాదా? మంచివాళ్ళు అలాగే అంటారు. బంగారు తల్లి, మనం బాధపడతామని అలా చెప్పింది.”

నేనూ చెల్లెలూ చెరో చెయ్యీ పట్టుకుని లేపి గోడ దగ్గర నిలబెట్టాం. అరచెయ్యి తీసి గోడకి పెట్టబోతే ఆమె వేళ్ళు ముడుచుకుంది. అట్టలు మడిచిన వేళ్ళు, విప్పడం మా ఇద్దరి వల్లా కాలేదు. కాళ్ళు వణకడం మొదలైతే కూర్చోబెట్టేశాం.

మర్నాడు సాయంత్రం తడిగుడ్డ డిపో నుంచి వచ్చి చేతులు కడుక్కోలేదు. ఇంజను మడ్డి మోచేతుల దాకా ఉంది. చెప్పులైనా విప్పకుండా రెండు అరచేతులూ గోడకి అదిమి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఈడ్చుకుంటూ వెళ్ళింది. నడుము ఎత్తున రెండు నల్లటి చారలు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. జీవితమంతా ఒకరి మురికి తుడిచిన మనిషి మొదటిసారి మురికి చేసింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

వారం తర్వాత వెళ్తే గోడ తెల్లగా ఉంది. కాస్త వెలిసింది కూడా.

“ఎవరు తుడిచారు?” అన్నాను.

తడిగుడ్డ భుజం మీది గుడ్డ సర్దుకుంది. జవాబు కుర్చీలోంచి వచ్చింది.

“నేనే తుడిపించాను అన్నయ్యా. గోడ దగ్గర డిపో వాసన వస్తే ఊరుకుంటానా? అవతల సంతకం పెట్టింది పెళ్ళి కావాల్సిన పిల్ల.”