సముద్రం ఒడ్డున లష్కర్ కేక

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఈ మాటతో మొదలుపెట్టేవాళ్లను చూసి నేనే చాలాసార్లు నవ్వాను కాబట్టి మీరు నవ్వినా ఏమీ అనుకోను. బాన్సువాడలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను. "మోటరు దానంతట అదే తిరుగుతుందన్నా, ఏదో పట్టింది" అని రైతు వణుక్కుంటూ వస్తే, స్టార్టర్ విప్పి లోపల అంటుకుపోయిన ముక్కను చూపించి పంపేవాణ్ని. ఎంత వింతకైనా లోపల ఎక్కడో ఒక తీగ తెగి ఉంటుందని నా లెక్క. ఈ ఒక్కదాంట్లో మాత్రం ఆ తీగ నాకు దొరకలేదు.

ముందు మా మామ గురించి చెప్పాలి, అంటే నా భార్య సుజాత వాళ్ల నాయిన. నిజాంసాగర్ కాలువ మీద లష్కర్‌గా పనిచేశాడు. తూములు తెరవడం, మూయడం, నీళ్లు వదిలినప్పుడు వాటికంటే ముందు కట్ట మీద సైకిలు తొక్కుతూ కేకలేసుకుంటూ పోవడం ఆయన పని. నీళ్లు లేని రోజుల్లో మా దగ్గర కాలువ లోపల జనం ఉంటారు. అడుగున మిగిలిన గుంతల్లో ఆడవాళ్లు బట్టలు ఉతుకుతారు, పిల్లలు చున్నీలతో చేపలు పడతారు.

"నీళ్లిడిసిన్రో..." అని మొదటి కేక. తర్వాత ఒక బీడీ దగ్గు. ఆ తర్వాత "కిందోళ్లు లేవుండ్రో!" ఆ దగ్గును మేమంతా వెక్కిరించేవాళ్లం గానీ, కేక వింటే మాత్రం ఎవరం ఆగేవాళ్లం కాదు. కేక ఎటు నుంచి వస్తే నీళ్లు కూడా అటు నుంచే వస్తాయి. వెనక్కి తిరిగి చూడకుండా, కేకకు దూరంగా ఉరికి, ఎత్తైన చోటు ఎక్కాలి. మా దగ్గర పిల్లలకు ఇది అన్నం తినడం నేర్పినట్టు నేర్పుతారు.

మా పాప అక్షిత పుట్టకముందే ఆయన దవాఖానలో పోయాడు. మోసినవాళ్లలో, తర్వాత అస్థికలు మంజీరలో కలిపినవాళ్లలో నేనూ ఉన్నాను.

పోయిన ఎండాకాలం సెలవుల్లో నేను, సుజాత, మూడో తరగతి చదివే అక్షిత వైజాగ్ వెళ్లాం. ముగ్గురిలో ఎవరం అంతకుముందు సముద్రం చూసినవాళ్లం కాదు. ఒక మధ్యాహ్నం భోజనం చేసి భీమిలి పోయే రోడ్డు మీద ఆటో దిగాం. అక్కడ ఇసుక తక్కువ, అంతా నల్లరాయి. సముద్రం బాగా వెనక్కి పోయి ఉంది. రాళ్ల మధ్య గుంతల్లో తేటగా నీళ్లు నిలిచి ఉన్నాయి. వాటిలో వేలెడంత చేపలు, గుల్లను వీపున మోసుకుంటూ నడిచే పీతలు, ముట్టుకుంటే ముడుచుకుపోయే మెత్తటి జీవులు ఏవో కనిపించాయి.

"అచ్చం మన కాలువ గుంతలే గదా!" అంది సుజాత. మొహం విప్పారిపోయింది. చెప్పులు, టిఫిన్ డబ్బా పక్కన రాయి మీద పెట్టి, చున్నీ నీళ్లలో పరిచి పాపకు చేపలు పట్టడం నేర్పడం మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే పెళ్లయిన కొత్తలో కూడా మేము అంత సంతోషంగా లేము.

కాసేపటికి గాలి పడిపోయింది. గుంతలో చేపలన్నీ ఒక్కసారిగా రాతి పగుళ్లలోకి దూరాయి. "డాడీ, ఫిష్ అన్నీ ఏడికి పోయినయ్?" అని పాప అడిగితే నేను వంగి చూస్తున్నాను.

అప్పుడు వినిపించింది. మా వెనక, రోడ్డు వైపు నుంచి.

"నీళ్లిడిసిన్రో..." ఒక దగ్గు. "కిందోళ్లు లేవుండ్రో!"

సుజాత పాప రెట్ట పట్టుకుని లేచి, కేకకు దూరంగా ఉరికింది. అంటే సముద్రం వైపు. ముందు ఒక పల్లపు సందు ఉంది, దాని అవతల ఎత్తైన రాయి. సందులో దిగి, పాపను లాక్కుంటూ ఆ రాయి ఎక్కేసింది. నా కాళ్లు కూడా అటే ఉరికాయి. పాచి మీద జారి మోకాలు పగలగొట్టుకున్నాను కాబట్టి ఆగాను తప్ప తెలివి ఉండి కాదు.

పడ్డచోటి నుంచి వెనక్కి చూశాను. రోడ్డు దాకా ఒక్క మనిషి లేడు. రాళ్లన్నీ ఎండలో పొడిగా ఉన్నాయి. నీళ్లు వచ్చింది ఎదురు నుంచి. నేను లేచి నిలబడేలోపే సందు నిండిపోయింది. అవతలి రాయికి అలలు కొట్టి సుజాత మోకాళ్ల దాకా లేస్తున్నాయి. పాపను భుజం మీద వేసుకుంది. నేను గొంతు చించుకుని అరుస్తున్నా ఆమె నన్ను చూడలేదు. నా తల మీదుగా ఒడ్డు వైపు చూస్తూ "నాయినా! నాయినా!" అని పిలుస్తోంది. నా జన్మలో అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు.

కొంచెం దూరంలో వల బాగుచేసుకుంటున్న ఇద్దరు నా అరుపులు విని తాడు తెచ్చారు. ఒకాయన తాడు నడుముకు కట్టుకుని నీళ్లలో దూకి ముందు పాపను, తర్వాత సుజాతను తెచ్చాడు. ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

"ఒడ్డిటుంటే అటెళ్లిపోనారేటమ్మా?" అని ఆయన సుజాతను అడిగాడు. కేకేసింది ఎవరని నేను అడిగితే ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. నా అరుపులు తప్ప వాళ్లకు ఏమీ వినబడలేదట.

మా చెప్పులు, డబ్బా పెట్టినచోటే ఉన్నాయి. వాటికి తడి కూడా తగల్లేదు. ఆ గుంత దగ్గరే కూర్చుని ఉంటే మేము మెల్లగా లేచి, నడుచుకుంటూ రోడ్డెక్కేవాళ్లం.

లాడ్జికి వచ్చాక, నేను విన్నది చెప్పకుండా సుజాతను అడిగాను. మాటలు అవే, దగ్గు అదే, దిక్కు అదే చెప్పింది. పాపను అడిగితే, "ఎవలు ఒర్లలే డాడీ. మీరిద్దరే ఒక్కసారి లేసి ఉరికిండ్రు" అంది.

నాకు తోచిన తీగ ఒకటుంది. గుంతలు చూసి ఇద్దరికీ కాలువ గుర్తొచ్చింది, కాలువతో పాటు కేక గుర్తొచ్చింది. కానీ ఇద్దరి తలల్లో ఒకే క్షణంలో, ఒకే వైపు నుంచి, దగ్గుతో సహా ఎలా? ఇక్కడికి వచ్చి ఆగిపోతాను.

సుజాతకు ఏ అనుమానమూ లేదు. "నాయిన బొక్కలు మంజీరలనే గదా కలిపినం. మంజీర గోదాట్లె కలుస్తది, గోదారి సముద్రంల కలుస్తది. ఆడ గాక ఇంకేడుంటడు? బతికున్నప్పుడు సముద్రం సూడని మనిషి, ఆయనకు ఎరికున్నది గా ఒక్క కేకనే. మనల్ని కాపాడనీకే ఒచ్చిండు" అంటుంది. చెప్పులు కూడా తడవలేదు కదే, మనల్ని నీళ్లలోకి తోలింది ఆ కేకే కదా అన్నాను. ఆ మాటకు రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

ఈ ఎండాకాలం మళ్లీ పోదామంటోంది. వాళ్ల నాయినకు ఆ రాయి మీద ఇంత బువ్వ పెట్టి వస్తుందట. షాపు ఉందని, మోకాలు నొప్పని, ఎండలని ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాను. పాప కూడా వస్తానని గంతులేస్తోంది.

కేకేసింది మామే అయితే నాకు ఫికర్ లేదు. ఆయన కాకపోతే మాత్రం, ఏ మాట వింటే మేము వెనక్కి చూడకుండా ఉరుకుతామో ఆ కేకేసినదానికి ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. మళ్లీ వినిపిస్తే సుజాత ఆగదు. అది మాత్రం నాకు తెలుసు.