బాతులు తెచ్చే సోము

సిరోంచ కొలువుకు వచ్చిన తెల్లదొరలు ఎందరు మారినా, వాళ్ల తుపాకీకి ప్రాణహితలో పడిన అడవి బాతులను ఈది తెచ్చేవాడు మాత్రం సోమే. బెస్తవాడు. మొసళ్ల మడుగైనా వెనకాడడు. తెచ్చిన పిట్టలన్నీ దొరవి. మునిగినవి ఎవరివీ కావు. అందుకని వేటకు ఒకటి మునిగేది. సోము దాని కాళ్లను నీటి అడుగున తుంగ మొదలుకు కట్టి వచ్చి, దొర వెళ్లాక విప్పుకునేవాడు. భార్య ముత్తక్క, నలుగురు పిల్లలు చలికాలంలో మాంసం ముఖం చూసేది అలాగే.

1873 చలికాలంలో దొరకు సీమ నుంచి ఒక కుక్క వచ్చింది. వరిగడ్డి రంగు, అలలు తిరిగిన బొచ్చు. దాని పుట్టుక బంట్రోతు బాలన్న చెప్పాడు.

"నల్ల కుక్క ఈనిన పిల్లలల్ల ఒక్కటే పసుపుపచ్చగ పుట్టిందట. స్కాట్లాండుల ఒక పెద్ద దొర దాన్ని కొని, నీళ్లల ఈదే ఇంకో జాతి కుక్కతోని జత కట్టిచ్చిండట. దాని మనుమడే ఇది. నోట్ల గుడ్డు పెట్టినా పగలదట. నీళ్లంటే పానం. నీకు అల్లుడైతడు సోమూ!"

"మామ పని గుంజుకోకుంటే సాలు," అన్నాడు సోము.

మొదటి వేటలో రెండు బాతులు పడ్డాయి. దొర కుక్కను పట్టుకుని, అలవాటు కొద్దీ ముందు సోమునే పంపాడు. సోము ఒకటే తెచ్చాడు.

"ఇంకోటి మునిగింది దొరా."

దొర మెడపట్టీ వదిలాడు. కుక్క ఈదుతూ తిన్నగా తుంగలోకి వెళ్లి, తల ముంచి, గుంజింది. ఒక్క ఈక చెదరకుండా బాతును తెచ్చి దొర చేతిలో పెట్టింది. కాళ్లకు తుంగపోచ ముడి అలాగే ఉంది.

దొర ఆ ముడిని వేలితో తిప్పి చూశాడు. ఇంగ్లీషులో రెండు మాటలన్నాడు.

"రేపటి సంది రావద్దంటున్నడు," అన్నాడు బాలన్న.

"కుక్కను కడుగుత, మేపుత. జర అడుగు బాలన్నా, పిల్లలున్నరు."

బాలన్న అడిగాడు. జవాబు విని సోము వైపు తిరిగాడు.

"దానికి రోజూ మాంసం పెట్టాలె. నీ చేతికి ఇయ్యడట."

నెల తిరగకముందే సోము, ముత్తక్క రాళ్లు కొట్టే పనికి కుదిరారు. ఈతగాడి భుజాలు సమ్మెటను తట్టుకున్నాయి, ఊపిరి తట్టుకోలేదు. దుమ్ముకు దగ్గు పట్టింది. 1877లో పోయాడు. అప్పటికి అతను చివరిసారి నదిలోకి దిగి మూడేళ్లు దాటింది.