కళ్ళు కోనాం మీద

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో ఏ స్పెషలైజేషన్ కావాలో ఫారం నింపి ఇవ్వడానికి అదే చివరి రోజు. విజయనగరంలో, మా యూనివర్సిటీ ఉన్న ఎచ్చెర్ల బస్సెక్కి, ఫారం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను. ఎలక్ట్రానిక్స్ అయితే ఉద్యోగం దొరుకుతుందని, కొట్లో కూర్చునే నాన్న దగ్గర్నుంచి అందరూ చెప్పారు.

నా పక్కన, చేపలు అమ్మేసి ఖాళీ తట్టతో ఊరికి వెళ్తున్న ఒకావిడ కూర్చుంది.

“ఏటి పాపా, అంత ఆలోసిస్తన్నావు?” అంది.

రెండు దార్లున్నాయన్నాను. ఎలక్ట్రానిక్స్ గురించి ఒక్క ముక్కలో చెప్పేశాను. రెండోది స్పెక్ట్రోస్కోపీ. నక్షత్రం వెలుగును రంగులుగా విడగొడితే మధ్యలో నల్లటి గీతలు కనిపిస్తాయనీ, వాటిని బట్టి అక్కడ ఏ మూలకాలున్నాయో ఇక్కడి నుంచే చెప్పొచ్చనీ అంటూ, గాల్లో గీతలు గీసేశాను. పెన్ను ఎగిరి కింద పడింది.

ఆవిడ వంగి తీసిచ్చింది. “కొనేవోల్ని రోజూ సూస్తాను కదా. నోరు సవక కవ్వల బేరమాడతాది, కల్లు కరీదైన కోనాం సేప మీదుంటాయి. నువ్వూ అంతే.”

“మరి మా నాన్నకి ఏం చెప్పను?”

“కోనాం కొన్నోలు ఇంటికెల్లి ఏటి సెప్తారు? వండి పెడతారు.”

పూసపాటిరేగలో దిగిపోయింది. బస్సు కదిలిన కుదుపుకి స్పెక్ట్రోస్కోపీ ఎదురుగా నా టిక్కు వంకరగా పడింది.

ఇప్పుడు నేను పాఠాలు చెప్పే చోట, ఏ స్పెషలైజేషన్ తీసుకోవాలని నన్ను అడగడానికి వచ్చే పిల్లల్ని, ముందు అన్నిటి గురించీ చెప్పమంటాను. చెబుతున్నంతసేపూ వాళ్ళ చేతులే చూస్తాను.