బాణం ఎటు చూసింది

ఇరవై రెండేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ప్రార్థన చేసేటప్పుడూ అక్కడే ఉంటుంది, పిల్లలకు వాక్యం చెప్పేటప్పుడూ అక్కడే ఉంటుంది. దాని పక్కనుంచి మాట్లాడటం నేర్చుకున్నాను. నా పేరు రాయను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను హౌరాలో, టికియాపారా పేటలో ఆటోలు, స్కూటర్లు బాగుచేసేవాణ్ణి. టూ స్ట్రోక్ ఇంజిన్లే నా పని. మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన పక్క పేట సంత్రాగాఛిలో జరిగేది. నేను ఆదివారం బడి చూసేవాణ్ణి. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకునే ఆచారం, ఉన్న రోజున రొట్టె పళ్ళెం వరుసల్లోకి పట్టుకెళ్ళేవాణ్ణి. ముసలివాళ్ళను ఆరాధనకు తీసుకురావడానికి సంఘం ఒక పాత ఆటో కొని, దాన్ని నడపడానికి సింహాచలాన్ని పెట్టింది.

సింహాచలం నలభై దాటాక బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందు తాగేవాడు. ఆ సంగతి అతనే అందరి ముందూ సాక్ష్యం చెప్పుకున్నాడు. పేరు మాత్రం మార్చుకోలేదు. ఎందుకని పెద్దలు అడిగితే, పాపాలన్నీ ఈ పేరుతోనే చేశాను, కడిగించుకోవడానికి ఇంకో పేరు పెట్టుకుంటే దేవుడు పోల్చుకోవద్దా అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అతని మీద నాకు మొదటి నుంచీ అనుమానం. ఎందుకు? అన్నేళ్ళ తాగుడు బాప్తిస్మం నీళ్ళలో ఒక్క ముంపుతో పోతుందా అని పైకి అనుకునేవాణ్ణి. అసలు సంగతి వేరేమో. నేను విశ్వాసుల ఇంట్లో పుట్టాను. నాకు మానుకోవడానికి ఎప్పుడూ ఏమీ లేదు. అతను సాక్ష్యం చెబుతుంటే ఏడ్చినవాళ్ళు నేను పాఠం చెబుతుంటే ఆవులించేవాళ్ళు.

ఆ ఆటో బలం తగ్గి, కొండ ఎక్కుతున్నట్టు మూలుగుతోందని ఒక శనివారం ఇంజిన్ పైభాగం విప్పాను. రింగులు అరిగిపోయాయి. సిలిండర్ లోపలి గోడ నునుపుగా బోరు చేయించి తెచ్చి, కొత్త పిస్టన్, కొత్త రింగులు వేయడానికి కూర్చున్నాను. పిస్టన్ తల మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది పొగ బయటికి పోయే దారి వైపు చూడాలి. తిరగేసి పెట్టినా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా. కానీ రింగు కొసలు సిలిండర్ గోడలో ఉన్న కంతల మీదుగా పోతూ పోతూ ఒకరోజు అక్కడ తగులుకుంటాయి. రింగు విరుగుతుంది. విరిగిన ముక్క లోపలంతా గీరేస్తుంది. పని నేర్చుకునే మొదటి నెలలోనే చెప్పే సంగతి ఇది.

సింహాచలం నా భుజం పక్కనే నిలబడ్డాడు. ఏదో వాసన వచ్చింది. సారా అనుకున్నాను. కిరసనాయిలుతో కడిగిన సామాన్ల మధ్య ఏ వాసన ఏదని చెప్పగలం? అయినా అనుకున్నాను. అతను అటు తిరిగి, సంచిలోంచి చిన్న సీసా తీసి ఒక గుక్క వేసుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. నా చేతులు పిస్టన్ను పట్టి ఉంచే పిన్ను తోసి, దాని లాకు బిగించి, సిలిండర్ దించేశాయి. కళ్ళు మాత్రం ఆ సీసా మీదే ఉన్నాయి. అందులో ఉన్నది దగ్గు మందు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

తొమ్మిదో రోజున ఆటో వానలో, ఇద్దరు ముసలమ్మలతో, హౌరా మైదాన్ దగ్గర ఇంజిన్ పట్టేసి ఆగిపోయింది. దాన్ని నా షాపుకి తోసుకొచ్చారు. నేను విప్పకముందే అందరి నోటా ఒకటే మాట: పెట్రోల్లో ఆయిల్ కలపలేదు. ఈ ఇంజిన్లకు పెట్రోల్ పోసినప్పుడల్లా ఆయిల్ కలపాలి, లేకపోతే ఎండిపోయి పట్టేస్తాయి. ఆ ఆయిల్ అమ్ముకుని తాగుంటాడని ఎవరో అన్నారు. ఆ మాట నేననలేదు. వద్దనీ అనలేదు.

అందరూ వెళ్ళాక ఒక్కణ్ణే విప్పాను. లోపలంతా ఆయిల్ తడి ఉంది. వేళ్ళకు అంటింది. పిస్టన్ తల మీది మసిని బొటనవేలితో తుడిచాను. బాణం పొగ దారికి వీపు పెట్టి ఉంది.

అప్పుడు నేనేం చేశాను? లాకు తీశాను. పిన్ను తోశాను. పిస్టన్ను విడిగా తీసి గుడ్డలో పెట్టాను. ఇంజిన్లోంచి బయటికి వచ్చాక బాణం ఎటు చూసిందో చెప్పగలిగినవాడు విప్పినవాడొక్కడే అనుకున్నాను. కంగారులో చేసిన పని కాదు. నిదానంగా చేశాను. ఆ నిదానం తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

పెద్దల కూటంలో దానియేలు గారు ఆ పిస్టన్ చేతిలోకి తీసుకున్నారు. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి, మా అందరికీ పెద్ద. ఆయిల్ లేకుండా నడిపితే ఇలాగే అవుతుందా అని నన్ను అడిగారు. అవుతుందన్నాను. అందులో అబద్ధం లేదు. ఆయిల్ లేకపోయినా అలాగే అవుతుంది. ఇది అందువల్లే అయిందా అని ఆయన అడగలేదు. అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు మాట్లాడాలని పిల్లలకు నేర్పేవాణ్ణి, ఆ ఒక్క 'అవుతుంది' వెనక ఏళ్ళ తరబడి దాక్కున్నాను. సింహాచలం ఆయిల్ కలిపానని ప్రమాణం చేశాడు. కాబట్టి అబద్ధికుడయ్యాడు. ఆటో తాళం తీసుకున్నారు. తప్పు ఒప్పుకునేదాకా బల్లకు దూరంగా ఉంచారు.

అతను మూడు నెలలు వచ్చాడు, చివరి బెంచీలో కూర్చున్నాడు. పళ్ళెం పట్టుకెళ్ళేది నేనే. అతని దాకా వచ్చి, అతన్ని దాటి, పక్కవాడికి అందించేవాణ్ణి. అతని చేతులు మోకాళ్ళ మీద ఉండేవి. నా ముఖంలోకి చూసేవాడు. ఆ చూపు ఏమిటి? పిస్టన్ పెట్టేటప్పుడు పక్కనే ఉన్నాడు కదా, చూశాడా? చూస్తే ఎందుకు చెప్పలేదు? నన్ను పరీక్షిస్తున్నాడా? తప్పు చేసినవాణ్ణి నేను, అనుమానం మాత్రం ఇంకా అతని మీదే.

తర్వాత రావడం మానేశాడు. నది అవతల మెటియాబ్రుజ్‌లో ఎవరిదో ఆటో నడుపుతున్నాడని తెలిసింది. ఏడాది పోయాక అతనికి బుద్ధి చెప్పి తీసుకురమ్మని పెద్దలు దానియేలు గారినీ నన్నూ పంపారు. సింహాచలం ఉండే మేడ మెట్లు ఎక్కలేక ఆయన కింద టీ దుకాణంలో కూర్చున్నారు. నేనొక్కణ్ణే ఎక్కాను. సింహాచలం భార్య దర్జీ షాపు కాలర్లు కుడుతోంది. మిషను ఆపకుండానే అంది:

"ఇంజిన్ డాక్టరు బాబొచ్చినారు. రోగం ఏటో పట్టీసినోరు. పీట ఎయ్యండి."

సింహాచలం ఆమెను ఊరుకోమని, నాకు పీట వేశాడు. నేను కూర్చోలేదు.

"ఒక్క మాట సింహాచలం," అన్నాను. "ఆవేళ ఆయిలు మర్సిపోనానని సెప్పీ. పెద్దలు ఒగ్గేస్తారు. వచ్చే ఆదివారమే బల్ల కాడికి వచ్చీ."

"నాను కలిపినాను కదన్నా."

"కలిపితే కలిపినావు. మాటే కదా, సెప్పీ."

మిషను ఆగింది.

"బల్ల కాడికి రావాలంటే అబద్ధమాడాలేటి?" అన్నాడు. "నాకు సదువు నేదు. నువ్వు వాక్యం సెప్పీవోడివి. నువ్వు ఆడమంటే ఆడతాను. ఆడమంటావేటన్నా?"

కోపంతో అన్నది కాదు. నిజంగానే అడిగాడు. నేను మెట్లు దిగాను. కింద దానియేలు గారితో, గుండె కఠినం చేసుకున్నాడండీ అన్నాను. ఇందులో 'అవుతుంది' లాంటి చాటు కూడా లేదు. ఇది నిలువునా అబద్ధం. ఆ వారమే సంఘం పుస్తకంలో అతని పేరు కొట్టేశారు.

ఆ పిస్టన్ దానియేలు గారు ఇంటికి తీసుకెళ్ళి, కిటికీలో కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నారు. వాళ్ళింట్లో ప్రార్థన జరిగినప్పుడల్లా అది నాకు ఎదురుగా ఉండేది. పొగ దారి వైపున్న పక్క మసి ఎక్కువ, బాణం రెండో పక్క. పని తెలిసినవాడు ఒక్క నిమిషం చూస్తే చాలు. ఆయన ఎవరికైనా చూపించారా? కావాలనే నాకు కనపడేలా పెట్టారా? ఆయన పోయాక ఆ కిటికీ ఖాళీగా కనపడింది. తేలికపడతాననుకున్నాను. పడలేదు.

ఇప్పుడు టూ స్ట్రోక్ ఆటోలను ఊళ్ళోంచి తీసేశారు. సింహాచలం మెటియాబ్రుజ్‌లో లేడని విన్నాను. వెతికాను అని రాయబోయాను. వెతకలేదు. అక్కడి ఆటో స్టాండులో అడిగితే దొరికే మనిషే. దొరుకుతాడనే అడగలేదు. నాకిప్పుడు ఈ రాత మీద కూడా అనుమానమే. ఇది పశ్చాత్తాపమా, భారం దించుకునే ఉపాయమా? అతనికి చెప్పాల్సింది మీకు చెబుతున్నానంటే, మళ్ళీ మెట్లు దిగిపోతున్నట్టే కాదా? క్షమించమని మిమ్మల్ని అడగను. ఇవ్వడానికి అది మీ దగ్గర లేదు.

ఆయిల్ ఉంది. పిస్టన్ నేను తిరగేసి పెట్టాను. సింహాచలం అబద్ధమాడలేదు. నేనాడాను.

ఈ నాలుగు మాటలూ వరుసగా, మధ్యలో ఒక్క 'అయితే' లేకుండా, రాయగలిగాను. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.