చూపు ఆనినంత దూరమే

మొన్న పోతనాళ దగ్గర, కోస్తా రైతులు వచ్చి కట్టుకున్న ఒక క్యాంపు ఊళ్ళో, నాతో చదువుకున్న స్నేహితురాలి ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాలయ్యాక ఎండ కాస్త తగ్గిందని పొలం గట్టు మీదికి నడిచాం. కాలువ నీళ్ళతో నాట్లేసిన వరి, కనుచూపు మేర పచ్చగా ఉంది. దాని మీద, మనిషెత్తు కంటే కొంచెం పైన, పెద్ద సాలీడులాంటి డ్రోన్ ఒకటి మందు చల్లుతూ ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసినట్టు పోతోంది. దాన్ని నడిపే కుర్రవాడు వేప చెట్టు నీడలో, మందు డబ్బా మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఒక్కసారైనా తలెత్తి దాని వైపు చూడలేదు. నేను అక్కడే నిలబడిపోయాను. కోస్తా నుంచి వాళ్ళ తాతల కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబం కనుక నా స్నేహితురాలి మాట ఇప్పటికీ అక్కడిదే. "ఏంటే అలా చూస్తున్నావ్, దూరంగా జరుగు, మందు మీద పడుద్ది" అని చెయ్యి పట్టి లాగింది.

రాయచూరుకు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దారి పొడవునా అదే ఆలోచన. ఇంటికొచ్చాక గృహప్రవేశం సంగతులన్నీ మా ఆయనకు చెప్పాను, వంటలు చెప్పాను, ఎవరెవరు అడిగారో చెప్పాను. డ్రోన్ సంగతి మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నా ఈడు వాళ్ళకు చెప్పుకుంటే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మా అత్తగారి వాళ్ళది రాయచూరు బజారులో ఇనుప సామాన్ల దుకాణం. మేకులు, గడియలు, బావి గిలకలు, తూకానికి అమ్మే గొలుసులు. నేను కోడలిగా వచ్చిన రోజుల్లో ఇంట్లోకి అడుగు పెట్టగానే ఇనుము వాసన రావాలి కదా, నాకు ఆముదం మాడిన వాసన వచ్చింది. ఎవరికో తలనొప్పి, తలకు రాసుకున్నారేమో అనుకున్నాను. మేడ మీది గదిలో చూస్తే గోడకు ఆనించి ఒక విమానం. నిజమైనది కాదు, రెక్కలు చాస్తే నా రెండు చేతులు చాచినంత ఉంటుంది. ఆయన హైదరాబాదులో చదువుకునేటప్పుడు కాలేజీ ఎన్‌సీసీలో బొమ్మ విమానాలు కట్టడం నేర్చుకున్నాడట. చదువు పూర్తికాకముందే దుకాణానికి రమ్మన్నారు, వచ్చేశాడు, ఆ ఒక్క విద్య మాత్రం వెంట తెచ్చుకున్నాడు. దాని చిన్న ఇంజనుకు స్పిరిట్‌లో ఆముదం కలిపి పోయాలి. ఆ పొగ వాసన ఆయన చొక్కాలకు ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు.

మా మామగారికి ఇది బొత్తిగా నచ్చేది కాదు. "దుకాణంల కూసునేటోనికి ఆకాశంతోని ఏం పని రా?" అనేవాడు.  మా ఆయన మాత్రం ఆదివారం పొద్దున స్కూటరు వెనక నన్ను కూర్చోబెట్టుకుని, నా ఒళ్ళో విమానం రెక్కను పెట్టి, మట్మారి దారిలో ఉన్న ఒక బీడుకు తీసుకెళ్ళేవాడు. కొత్త పెళ్ళికూతుళ్ళు సినిమాలకు పోయే రోజుల్లో నేను బీడుకు పోయేదాన్ని. దారిలో ఎదురైన వాళ్ళందరూ నన్నూ నా ఒళ్ళోని పసుపు రెక్కనూ చూసి నవ్వుకునేవాళ్ళు. నాకు సిగ్గుగానూ ఉండేది, లోపల ఎక్కడో గర్వంగానూ ఉండేది.

ఆయన జాగ్రత్త చూస్తే నాకు మా నాయనమ్మ మడి గుర్తొచ్చేది. ముందుగా బీడంతా నడిచి వచ్చేవాడు, మేకల కాపరులు గానీ కట్టెలేరుకునే వాళ్ళు గానీ ఉన్నారేమోనని. తర్వాత చిటికెడు దుమ్ము వదిలి గాలి ఎటుందో చూసేవాడు. రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి విమానాన్ని ఎత్తితే అది ముక్కు వైపుకో తోక వైపుకో వాలకుండా నిలవాలి. అతుకులన్నీ లాగి చూడాలి. మెడకు వేలాడేసుకుని విమానాన్ని నడిపే రేడియో పెట్టెను ముందు ఆన్ చేయాలి, విమానంలోది ఆ తర్వాతే. దిగాక ముందు విమానంలోది ఆపాలి, పెట్టెను చివరన. ఎగరేసే ముందు రెండూ ఆన్ చేశాక, ఏరియల్ లోపలికి నెట్టేసి దూరంగా నడుచుకుంటూ పెట్టె మీది పుల్లలు కదిపేవాడు, విమానాన్ని పట్టుకున్న నేను తోక ఆడుతోందో లేదో అరిచి చెప్పాలి. ఇంజను తిప్పేటప్పుడు వేలు పెట్టనిచ్చేవాడు కాదు, కర్రతోనే తిప్పాలి. ముందు గిర్రున తిరిగే రెక్క వరసలో నన్ను నిలబడనిచ్చేవాడు కాదు. ఇన్ని అయ్యేసరికి ఎండెక్కేది, నాకు ఆకలేసేది, అప్పుడు విమానం ఎగిరేది. ఎగిరాక మాత్రం ఆకలి గుర్తుండేది కాదు.

ఎంత బాగా ఎగిరినా దూరం పోనిచ్చేవాడు కాదు. ఇంకొంచెం పైకి పోనియ్యమని నేను అడిగితే, "చూపు ఆనినంత దూరమే మనది. అవతలికి పోతే అది మన చేతుల ఉన్నట్టు కాదు" అనేవాడు. రెక్కల పైభాగం పసుపు, అడుగు భాగం ఎరుపు. పైన ఉన్నది నిటారుగా ఉందో తలకిందులైందో తెలియడానికి. ఆ పసుపు పట్టుగుడ్డ నేనే ఎంచి తెచ్చాను, ముడత పడకుండా అతికించి వార్నిష్ పూసింది కూడా నేనే.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. పిల్లలు కలగని ఇల్లు మాది. జనం అడిగే ప్రశ్నల నుంచి తప్పించుకోవడానికి మాకు ఆ బీడు ఉండేది. ఈ మధ్యలో ఎప్పుడో ఆయన గడప తగిలి తూలడం మొదలైంది. పక్కన పెట్టిన మజ్జిగ గ్లాసు చేయి తగిలి దొర్లేది. సాయంత్రం పూట విమానం తీయడం మానేశాడు. ధ్యాసంతా ఆకాశంలో ఉంటే గ్లాసెట్లా కనబడుతుందని అత్తగారు నవ్వేది, ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం, ఆయన కూడా.

పత్తి తీసే కాలం అది. బీడుకు ఆనుకున్న చేనులో ఆడవాళ్ళు వరసగా వంగి పత్తి తీస్తున్నారు. వాళ్ళు దూరంగానే ఉన్నారని చూసుకుని, గాలి అనుకూలంగా ఉందని, అన్నీ ఎప్పటిలాగే సరిచూసుకుని ఎగరేశాడు. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు మొదలవుతుండగా ఆయన తల అటూ ఇటూ తిప్పడం చూశాను. పోగొట్టుకున్న వస్తువును వెతికినట్టు తల తిప్పుతున్నాడు. విమానం ఆకాశంలో, నా కళ్ళ ముందు, స్పష్టంగా ఉంది.

"నాకు కనవడ్తలేదే" అన్నాడు.

పరాచికమనుకున్నాను. ఆయన ముఖం చూస్తే కాదని తెలిసింది.

"యాడుందో చెప్పు. జల్ది."

"గదిగో, పత్తి చేను దిక్కు పోతున్నది."

"మనుషులున్నరా ఆడ?"

"ఉన్నరు."

ఆయన ఇంజను తగ్గించాడు, చప్పుడు సన్నబడింది. "కుడికి తిప్పుతున్న. తిరిగిందా?"

"తిరిగింది. బీడు మీదికొచ్చింది."

"కింద ఎవరన్న ఉన్నరా? సక్కగ చూసి చెప్పు."

"ఎవ్వరు లేరు. ఉత్త రాళ్ళే."

నా మాట పూర్తయ్యీ కాకముందే పుల్లను ముందుకు నెట్టేశాడు. పసుపు రెక్క ఒక్కసారి మెరిసి, ముక్కు కిందికి పెట్టి, రాళ్ళలోకి దిగిపోయింది. కొబ్బరి చిప్ప పగిలిన చప్పుడు.

పత్తి తీసే ఆడవాళ్ళు ఒళ్ళో పత్తితోనే పరుగెత్తుకొచ్చారు. వాళ్ళలో పెద్దామె "అయ్యో, ఏనాయ్తప్పా?" అని కన్నడంలో అడుగుతోంది. ఏమైందని ఏం చెబుతాం. ఆయన మాత్రం "ఎవరికన్న తాకిందా, ఎవరికన్న తాకిందా" అని నన్నే అడుగుతున్నాడు. ఎవరికీ తాకలేదని చెప్పాక, విరిగిన దాని దగ్గరికి వెళ్ళడానికి నా చేయి పట్టుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురిలో ఆయన నా చేయి పట్టుకోవడం అదే మొదలు. మా కాలంలో మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన నడవడమే ఎక్కువ. ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు, నాకూ ఒక్క క్షణం సంతోషం కలిగిన మాట నిజం. రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అర్థమైంది, ఆ పట్టు ప్రేమతో పట్టిన పట్టు కాదు, దారి తెలియని మనిషి పట్టిన పట్టు.

హైదరాబాదులో కళ్ళ డాక్టరు చీకటి గదిలో కూర్చోబెట్టి చాలాసేపు పరీక్ష చేశాడు. కంటి వెనక తెర అంచుల నుంచి ఎండిపోతూ వస్తోందని, ఇప్పటికే గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కొంచెమే మిగిలిందని, అదీ క్రమంగా పోతుందని చెప్పాడు. కనబడుతున్నది ఒక్కసారి ఆ గొట్టం దాటిపోతే మళ్ళీ వెతికి పట్టుకోవడం ఆయన వల్ల కాదు. మందు లేదన్నాడు. అమ్మానాన్నలది దగ్గరి సంబంధమా అని అడిగాడు. మా అత్తగారు సొంత మేనమామను చేసుకుంది. జబ్బు దానివల్లే వచ్చి ఉండొచ్చని డాక్టరు అన్న మాట ఇంట్లో తెలిసిన రోజు నుంచి ఆమె కొడుకు ముందుకు రావడం మానేసింది. వచ్చినా గోడవారగా, గాజులు చప్పుడు కాకుండా నడిచేది.

తెలిసీ ఆయన ఊరుకోలేదు. మిగిలిన చూపుతో కొంత, వేళ్ళతో కొంత, విమానాన్ని మళ్ళీ కట్టాడు. పట్టుగుడ్డ మీద వేళ్ళు పోనిచ్చి నేను చూడని ముడత కూడా కనిపెట్టేవాడు. నీ కళ్ళు, నా చేతులు అన్నాడు. నేను నమ్మాను. బీడులో మనిషనేవాడు లేని ఒక పొద్దున, ఎప్పటిలాగే ఒక్కటీ వదలకుండా అన్నీ సరిచూసి, ఆయన పుల్లలు పట్టుకుని, నేను భుజం పక్కన నిలబడి ఎగరేశాం.

ఎగిరింది. ఆ కాసేపు నేను మాట్లాడినంత వేగంగా జన్మలో మాట్లాడలేదు. పైకి, కిందికి, ఎడమకు, కుడికి. పోతున్నప్పుడు బాగానే ఉంది. మన వైపు తిరిగి వస్తున్నప్పుడు దాని ఎడమ మన కుడి అవుతుంది. చూస్తున్న నాకే తికమక, చూడని ఆయనకు నేనేం చెప్పను? "ఎడమకు... కాదు కాదు, అటు కాదు, దాని ఎడమకు" అంటున్నాను. నా నోట్లోంచి మాట వచ్చి, ఆయన చెవిలో పడి, వేలు కదిలేసరికి విమానం అక్కడ ఉండటం లేదు. మా పక్కగా, చాలా దగ్గరగా, ఈల వేసినట్టు దూసుకుపోయి తుమ్మ కంపలో పడింది.

ఆయన పెట్టె ఆపలేదు. పడిన దాంట్లో స్విచ్చి ముందు ఆపి రమ్మని నన్ను పంపాడు. నేను ముళ్ళలో చెయ్యి పెట్టి ఆపి వచ్చాక పెట్టె ఆపి, నేల మీద కూర్చున్నాడు.

"మళ్ళొకసారి చూద్దామండి, నేను ఇంక జల్ది చెప్త" అన్నాను.

"వద్దే. నీ తప్పేం లేదు." పెట్టె మీద దుమ్ము అరచేత్తో తుడుస్తున్నాడు. "బ్యాటరీ సరిగున్నది, అతుకులు సరిగున్నయి, గాలి సరిగున్నది. అన్ని సరిగున్నయి. నేనొక్కణ్నే సరిగ లేను. కనవడనోడు ఎగరేస్తె ఎవరినో ఒకరిని కొడ్తది. ఇగ చాలు."

ఏడ్చి ఉంటే బాగుండేది. విరిగిన అతుకును పక్కన పెట్టినట్టు, తనను తానే పక్కన పెట్టేసుకున్నాడు. ఏ జాగ్రత్తతో ఇన్నేళ్ళు ఒక్క మనిషికి గీత పడకుండా ఎగరేశాడో, ఆ జాగ్రత్తే ఆయనను బీడు లోంచి బయటికి పంపేసింది.  ఇంజనును, పెట్టెను ఒక కాలేజీ వాళ్ళకు ఇచ్చేశాం. రెక్కలు దుకాణం అటక మీద ఎలుకల పాలయ్యాయి.

మిగిలిన చూపు కూడా పోయాక కొన్నేళ్ళు నేను చూసిందల్లా ఆయనకు చెప్పేదాన్ని. మబ్బు పడితే మబ్బు రంగు, దాబా మీద పావురాలు ఎటు తిరిగితే అటు. ఆయనకు ఊరటగా ఉంటుందనుకున్నాను. ఒక రోజు మెల్లగా, కోపం లేకుండా, "ఇగ చెప్పకే. ఇన్నకొద్ది అన్ని యాదికొస్తున్నయి" అన్నాడు. ఆ రోజు నుంచి చెప్పడం మానేశాను. మానేశాక తెలిసింది, మాకిద్దరికీ మాట్లాడుకోవడానికి అంతకు మించి పెద్దగా ఏమీ మిగల్లేదని.

మట్మారి దారిలో ఆ బీడు ఎక్కడుండేదో ఇప్పుడు నేను కూడా గుర్తుపట్టలేను. రాళ్ళు పాతి ప్లాట్లు చేశారు, ఇళ్ళు లేచాయి, దుకాణం మరిది కొడుకులు నడుపుతున్నారు, ఇనుము పోయి ప్లాస్టిక్ వచ్చింది. పోయిన ఏడు నా కళ్ళలో శుక్లాలు తీశారు. కట్టు విప్పగానే అన్నీ కడిగినట్టు కనిపించాయి, గోడ మీది పగుళ్ళు, దీపం చుట్టూ పురుగులు, ఆయన చెంపల మీద నేనెప్పుడూ చూడని మచ్చలు. పక్క మంచాల వాళ్ళు సంతోషంతో కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. నాకు మాత్రం, ఇంత చూపు నాకెందుకు తిరిగిచ్చారా అనిపించింది. సాయంత్రమైతే టీవీలో ఏదో సీరియల్ పెట్టి ఇద్దరం కూర్చుంటాం. అందులో ఎవరేం చేస్తున్నారో ఆయన అడగడు, నేను చెప్పను. కళ్ళు లేని ఆయన, కళ్ళున్న నేను, ఒకే గోడ వైపు ముఖం పెట్టుకుని పడుకునే వేళయ్యే దాకా అలాగే కూర్చుంటాం.