పాలల్లో కనబడని నీళ్లు

మొన్న సీపత్ వెళ్లే దారిలో బస్సు ఆగినప్పుడు, ఎవరి పశువులపాకలోంచో తెలగపిండి, తవుడు కలిసిన కుడితి వాసన కిటికీలోంచి గుప్పున కొట్టేసరికి, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ల వెనక మా గేదె, దాని పక్కన పీట వేసుకుని కూర్చున్న అమ్మ గుర్తొచ్చారు. ఆ వాసనకి నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాన్న రైల్వే షెడ్డు డ్యూటీకి బయల్దేరేలోపే అమ్మ పాలు పిండేది. చలికాలం పొద్దుల్లో నురగ మీంచి ఆవిరి లేస్తుంటే, మా వరస క్వార్టర్ల ఆడవాళ్లు శాలువాలు కప్పుకుని గిన్నెలతో వచ్చేవారు. నేను గడప మీద కూర్చుని, దీపావళికి చేసి మిగిలిన చేగోడీలు నములుతూ అంతా చూసేదాన్ని. వాళ్లు రాకముందే అమ్మ కుళాయి కింద చెంబు నింపి పాలబిందెలో ఒంపేది. పాలు పిండడంలో అదీ ఒక భాగమే అనుకునేదాన్ని.

మా సైన్సు మేస్టారు కూడా మాలాగే తెలుగువారు, పార్వతీపురం వైపు నుంచి వచ్చినవారు. మా పాలే కొనేవారు. ఓ రోజు ఆయన రెండు గ్లాసుల నీళ్లలో ఒకదాంట్లో ఉప్పు, ఇంకోదాంట్లో ఇసుక కలిపారు. ఉప్పునీళ్లు ఎక్కడ చూసినా ఒక్కలాగే ఉన్నాయి, కాబట్టి సజాతీయ మిశ్రమం. ఇసుక విడిగా కనబడుతోంది, కాబట్టి విజాతీయం. ఇంట్లోంచి సజాతీయానికి ఉదాహరణ అడిగితే అందరూ షర్బత్ అన్నారు. నేను లేచి, "పాలల్లో నీళ్లు. మా అమ్మ రోజూ కలుపుతుంది, ఎవరికీ కనబడవు," అని హిందీలో చెప్పాను. క్లాసంతా గొల్లుమంది. నా హిందీకి నవ్వారనుకున్నాను.

మర్నాడు గిన్నె పట్టుకుని మేస్టారే వచ్చారు. "మీ పిల్ల హుషారమ్మా. నిన్న క్లాసులో ఎవరూ సెప్పని ఉదాహరణ సెప్పింది," అన్నారు. అది వెటకారమో మెచ్చుకోలో నాకిప్పటికీ తెలియదు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఏటి సెప్పినావే? మాకూ సెప్పు," అంది, గిన్నెలతో నిలబడ్డ అందరి వైపూ గర్వంగా చూస్తూ.

చెప్పాను. ఈసారి తెలుగులో, గట్టిగా.

అమ్మ చేతిలో కొలతగ్లాసు ఆగిపోయింది. మేస్టారు తన గిన్నె ముందుకు చాపారు. అమ్మ తలెత్తకుండా పోసింది. ఆ వంగిన మెడ చూశాక గానీ నేనేం చేశానో అర్థం కాలేదు, సిగ్గుతో చచ్చిపోయాను. అసలు పాలే సజాతీయం కావని పై క్లాసుల్లో తెలిసింది గానీ, అప్పటికి ఆ సైన్సు తప్పు నాకో తప్పులా కనబడలేదు. అమ్మ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. నీళ్లు కలపడమూ మానలేదు. నా ఎదుట కలపడం మానేసి, పెరటి తలుపు వేసుకునేది.

ఆ క్వార్టర్లు పడగొట్టేశారు. పెరట్లో గేదెల్లేవు, తెల్లారి గిన్నెలతో వచ్చి కబుర్లాడే ఆడవాళ్లూ లేరు. అమ్మ ఇప్పుడు బిలాస్‌పూర్‌లోనే, తెలిపారాలో నా దగ్గర ఉంటోంది. నిన్న సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్లేసరికి, ప్యాకెట్ పాలల్లో నీళ్లు పోస్తున్న అమ్మ ఉలిక్కిపడి గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టింది. నేనేమీ అడగకముందే, "టీకేనే అమ్మా, టీకే," అంది.